ఏడు గంటల బస్సు

నాంపల్లిలో మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు ఉంది గానీ అది పెద్దసారు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మాత్రమే పనిచేస్తుంది. ఏ పల్లెకు బస్సు వేయాలి, ఏ పల్లెకు తీసేయాలి, ఎన్నింటికి నడపాలి, డబ్బు ఏ పద్దులోంచి తియ్యాలి, ఇవన్నీ తేల్చే సెక్షన్ మాది. ఆ సెక్షన్లో ముప్పై ఏళ్ళుగా ఉన్నాను. గుమస్తాగా చేరి సూపరింటెండెంటునయ్యాను. విచిత్రమేమిటంటే మాలో ఎవరూ బస్సెక్కరు. పెద్దసారుకు కారు, చిన్నసారుకు కారు, మిగతావాళ్ళకు బైకులు. నేనొక్కదాన్నే కాచిగూడ నుంచి బస్సులో వస్తాను. అది బస్సు మీద ప్రేమ అనుకునేరు, నాకు బండి నడపడం రాదు.

ఆ ఏడాది ఎండాకాలంలో పల్లె ప్రజల రవాణా మీద కొత్త విధానం వచ్చింది. విధానమంటే మా దగ్గర ఒక పుస్తకం. నున్నటి కాగితం, అట్ట మీద తలపాగా చుట్టుకుని నవ్వుతున్న రైతు. ఆ రైతు వెనక ఖాళీ రోడ్డు. బొమ్మ వేసినవాడు తెలియకుండానే నిజం వేశాడని నేను పక్క బల్ల ఆయనతో అన్నాను, ఆయన ఇటూ అటూ చూసి మంచినీళ్ళకు లేచిపోయాడు.

పుస్తకం గురించి చెప్పడానికి ఆబిడ్స్‌లో ఒక హోటల్లో మీటింగు పెట్టారు. ఎక్కడినుంచో వచ్చిన సలహాదారు రెండు గంటలు మాట్లాడాడు. చివరి మైలు, చివరి మైలు అని ఒకటే జపం. ప్రయాణికుణ్ణి చివరి మైలు దాకా చేర్చడమే ధ్యేయమట. మొదటి మైలు ఎవరు చేరుస్తారని అడగాలనిపించింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ రోజు వినేవాళ్ళకు ప్లేట్లలో జీడిపప్పు కూడా పెట్టారు కాబట్టి ఎవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. జీడిపప్పు బాగుంది.

జూలైలో ఒక మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే ఒక పెద్దావిడ వచ్చి నా బల్ల ముందు నిలబడి "వందనాలమ్మా" అంది. తెల్ల నేతచీర, మందపాటి కళ్ళద్దాలు, చంకలో రెక్సిన్ సంచి. మూడంతస్తులు ఎక్కి వచ్చిన ఆయాసం. కూర్చోమంటే కూర్చోలేదు, కాగితం నా చేతిలో పెట్టాకే కూర్చుంది. మెదక్ వైపు ఒక ఊరు ఆవిడది. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయింది. కాగితం మీద దస్తూరి చూస్తేనే తెలుస్తుంది, ఒక్క కొట్టివేత లేదు.

"మా ఊరికి పొద్దుగాల ఏడు గంటలకు బస్సొచ్చేది మేడం. కరోనప్పుడు బందయింది. కరోన పోయింది గానీ బస్సు రాలే," అంది.

"ఎవరికోసం అమ్మా ఇప్పుడు?" అన్నాను. నా అన్నం చల్లారుతోంది.

అప్పుడు చెప్పింది. తన దగ్గర అక్షరాలు దిద్దిన పిల్ల ఒకతె ఆ ఏడు పదో తరగతి మంచి మార్కులతో పాసయింది. వాళ్ళ వాడలో పది దాటిన మొదటి ఆడపిల్ల. నర్సు కావాలని ఆశ. మండలంలో సర్కారు జూనియర్ కాలేజీలో చేరింది. ఊరి నుంచి పెద్ద రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు నడవాలి, అక్కడ ఏ ఆటోనో ఎవరి బండో దొరకాలి. దొరికిన రోజు కాలేజీ, దొరకని రోజు ఇల్లు. ముక్కూ మొహం తెలియనివాళ్ళ బండ్లెక్కితే ఊరుకోనని తండ్రి అంటున్నాడు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. బస్సు వస్తే చదువుతుంది, రాకపోతే మానేస్తుంది. సంగతి అంతే.

"ఒక్క పిల్ల కోసం బస్సా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే, దాచుకోవడం దేనికి?

"బస్సు లేదు గదా మేడం, అందుకే ఒక్కతే చేరింది. ఉంటే నలుగురు చేరేటోళ్లు," అంది టీచరమ్మ. గొంతు పెంచలేదు.

మా సెక్షన్లో ప్రతి అర్జీకీ నెల లోపల జవాబు పోవాలి. జవాబంటే బస్సు అనుకునేరు, ఉత్త ఉత్తరమే. ఉత్తరం పోతే అర్జీ పరిష్కారమైనట్టు రిజిస్టరులో టిక్కు పడుతుంది. ఆవిడ ఊరి ఫైలు తీయించాను. అందులో సర్వే రిపోర్టు ఉంది. కొత్త విధానం ప్రకారం ఒక ప్రైవేటు ఏజెన్సీ మనుషులు ఊరూరూ తిరిగి, బస్సు స్టేజీ దగ్గర ఎంతమంది ఎదురుచూస్తున్నారో లెక్కపెట్టి రాయాలి. జనం ఎక్కువుంటే బస్సు, లేకపోతే లేదు. ఆ ఊరి స్టేజీ దగ్గర వాళ్ళకు కనిపించినవాళ్ళు సున్నా. బస్సు రాని స్టేజీలో ఏ పిచ్చివాడు నిలబడతాడు? అదీగాక వాళ్ళు పోయింది పొద్దున పదకొండున్నరకు. ఆ వేళకు ఊరంతా పొలాల్లో ఉంటుంది, ఈగలు తప్ప ఎవరుంటారు?

ఇదంతా నాకు తెలుసు. తెలిసే రాశాను, "ప్రయాణికుల నుండి గిరాకీ లేనందున తమ విజ్ఞప్తిని పరిగణించుటకు వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము" అని. ముప్పై ఏళ్ళలో ఈ వాక్యం ఎన్నిసార్లు రాసి ఉంటానో. ఒక్కసారీ చింతించింది లేదు. రిజిస్టరులో టిక్కు పడింది.

ఆగస్టులో టీచరమ్మ ఆ ఉత్తరం పట్టుకుని మళ్ళీ వచ్చింది. కోపంతో వస్తే నాకు సులువు, అరిచేవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఈ ఉద్యోగం నేర్పింది. ఆవిడ మాత్రం సందేహం తీర్చుకోవడానికి వచ్చిన విద్యార్థిలాగా అడిగింది.

"గిరాకి లేదని రాసిన్రు. మరి షెల్టరు ఎందుకు కట్టిన్రు మేడం?"

ఫోనులో ఫొటో చూపించింది. ఊరి స్టేజీలో కొత్త షెల్టరు. స్టీలు కుర్చీలు, పైన నాయకుల బొమ్మలు, వాళ్ళ చిరునవ్వుల కింద ఎవరో మక్కలు ఆరబోసుకున్నారు. నేను ఫైళ్ళు తిరగేస్తే తెలిసింది, షెల్టర్లకు ఒక పద్దు, బస్సులకు ఇంకో పద్దు. షెల్టర్ల డబ్బు మార్చి లోపల ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుంది. అందుకని దొరికిన ఊరికల్లా కట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఇది చేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళ పిల్లలు కాలేజీకి ఎలా పోవాలో వాళ్ళు బాగానే ప్లాన్ చేసుకుంటారు.

సెప్టెంబరులో టీచరమ్మ పిల్లను వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దసారుకు చూపిస్తే మనసు కరుగుతుందని ఆవిడ నమ్మకం. పెద్దసారు ఆ రోజు పల్లె రవాణా మీద ఏదో సదస్సుకు విమానంలో పోయాడు. పిల్ల బక్కగా, పొడుగ్గా ఉంది, యూనిఫారం ఇస్త్రీ చేసుకుని వచ్చింది. మా కిటికీలోంచి మెట్రో కనిపిస్తుంది. పిల్ల దాన్నే చూస్తూ నిలబడింది.

"గిది ఎంతసేపటికి ఒకటొస్తది మేడం?" అని అడిగింది.

"ఐదారు నిమిషాలకు."

"ఔనా," అంది. ఇంకేమీ అడగలేదు. తమ బస్సు సంగతి కూడా అడగలేదు. అడిగితే ఫైలు నడుస్తోందని ఏదో అబద్ధం చెప్పేదాన్ని. అడగకపోయేసరికి నాకు ఒళ్ళు మండింది. పిల్ల మీద కాదు, ఎవరి మీదో ముందు తెలియలేదు. తర్వాత తెలిసింది, నా మీదే.

ఆ సాయంత్రం ఆఫీసు వదిలాక ఇద్దరినీ స్టేషన్ రోడ్డు మీదుగా ఆబిడ్స్ దాకా నడిపించుకుపోయాను. పోస్టాఫీసు అవతల సందులో బండి మీద దోసెలు బాగా వేస్తాడు. వాళ్ళు అప్పటికే కోఠీలో పాత పుస్తకాలు కొన్నారు. పిల్ల బాటనీ గైడు ఒళ్ళో పెట్టుకుని, చట్నీ పడకుండా మోచేత్తో కాపాడుకుంటూ తింటోంది. నేను అటూ ఇటూ చూసి, ఆఫీసులో చెప్పకూడని మాట చెప్పాను.

"టీచరమ్మా, వచ్చే నెల మళ్ళీ సర్వే ఉంది. ఏజెన్సీ వాళ్ళను ఈసారి పొద్దున ఏడింటికే పొమ్మని నేను రాయిస్తాను. ఏ రోజో ఫోను చేస్తాను. ఆ వేళకు మీ స్టేజీలో జనం నిలబడి ఉండాలి. లెక్క వాళ్ళు రాసుకుంటారు."

"గంతేనా?" అంది టీచరమ్మ. ఆవిడ మొహం విప్పారింది. "ఊరంత తెస్త మేడం."

అక్కడే నేను పొరపాటు చేశాను. జనం నిలబడాలని చెప్పాను గానీ, నిలబడడం తప్ప ఇంకేమీ చేయొద్దని చెప్పలేదు. పట్నంలో పుట్టి పెరిగినదాన్ని, ఊరి మర్యాద సంగతి నాకు తట్టలేదు.

టీచరమ్మ మాట నిలబెట్టుకుంది. ఊరు మొత్తం వచ్చింది. అయితే పట్నం నుంచి సార్లు వస్తున్నారంటే ఉత్త చేతులతో ఎదురుపోతారా? ముందు రోజే షెల్టరు కడిగి ముగ్గులు పెట్టారు. షామియానా వేశారు. డప్పులు పిలిపించారు. సర్పంచు పెద్ద మనసు చేసుకుని శాలువాలు తెప్పించాడు. ఉప్మా, చాయ్ సిద్ధం చేశారు. ఏజెన్సీ కారు దిగగానే డప్పులు మోగాయి, ఆడవాళ్ళు బొట్టు పెట్టారు. ఆ ఇద్దరు మనుషులు శాలువాలు కప్పించుకున్నారు, ఫొటోలు దిగారు, ఉప్మా తిన్నారు, రెండోసారి కూడా పెట్టించుకున్నారు. ఇదంతా టీచరమ్మ ఆ రోజే ఫోన్ చేసి సంబరంగా చెప్పింది. పెండ్లోళ్లకు కూడా ఇంత మర్యాద చేయలేదట.

పది రోజులకు రిపోర్టు వచ్చింది. చదివాను. "సర్వే సమయంలో సదరు స్టేజీ వద్ద శుభకార్యం నిమిత్తం గ్రామస్థులు గుమిగూడి ఉన్నందున, సదరు జనాన్ని ప్రయాణికులుగా పరిగణించుట సాధ్యపడలేదు. వేచి ఉన్న ప్రయాణికుల సంఖ్య: సున్నా."

ఉప్మా అరిగేదాకానైనా ఆగలేదు వెధవలు. ఆ మాట పైకే అన్నాను, సెక్షనంతా విన్నది. ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగితే ఆ కుర్రవాడు నవ్వి, "గాడ డప్పులు గొడ్తున్నరు మేడం, పెండ్లో ఏందో అనుకున్నం" అన్నాడు. నీ భుజాల మీద శాలువా కప్పినప్పుడు పెళ్ళికొడుకు నువ్వేననుకున్నావా అని అడిగాను. ఫోను పెట్టేశాడు.

టీచరమ్మకు చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆవిడ "మర్యాద చేసుడే తప్పయిందా మేడం?" అంది. తప్పు మీది కాదని చెప్పాను. ఫోన్లో ఆ మాటకు విలువేముంది? పిల్ల ఇంకా కాలేజీకి పోతోందా అని అడిగితే, వారంలో రెండు రోజులు పోతోందంది.

అప్పుడు నాకు పంతం పట్టింది. నిజం చెబితే పంతం ఎక్కువ, దయ తక్కువ. ఈ ఆఫీసు దేనికి కదులుతుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఆడపిల్ల చదువంటే కదలదు. విధానం పుస్తకంలో రాసిన మాటలు చూపిస్తే అసలే కదలదు. ఆడిట్ అంటే మాత్రం కుర్చీలోంచి లేస్తుంది. ఫైలు మీద కొత్త నోట్ రాశాను. "సదరు స్టేజీలో షెల్టరు నిర్మించియున్నందున, బస్సు సర్వీసు లేని పక్షంలో నిర్మాణ వ్యయం నిరర్థకమని ఆడిట్ వారు అభ్యంతరం తెలుపు అవకాశం కలదు."

పెద్దసారు నన్ను పిలిచాడు. కళ్ళద్దాలు తీసి అడిగాడు. "షెల్టరు ఎవరి టైంలో కట్టింది?"

"మీ టైంలోనే సార్."

కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "బస్సు వేసేద్దాం. పాపం, పల్లె ప్రజలు," అన్నాడు.

పల్లె ప్రజల మీద జాలి పుట్టాక కూడా ఆ ఫైలు ఆరు బల్లలు తిరిగింది. ఒక బల్ల దగ్గర సంక్రాంతి సెలవులు, ఇంకో బల్ల దగ్గర బదిలీ, ఇంకో చోట బస్సు ఉంది గానీ డ్రైవరు లేడు. నేను ప్రతి బల్ల వెంటా పడ్డాను. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, మా దగ్గర పూజారులు ఆరుగురు. చివరికి జనవరి నెలాఖరున ఆర్డరు చేతికొచ్చింది. పొద్దున ఏడు గంటలకు ఊరి నుంచి మండలానికి, ఎనిమిదింటికి మండలం నుంచి తిరిగి ఊరికి, సాయంత్రం కాలేజీ వదిలే వేళకు ఇంకో ట్రిప్పు. నేనే టీచరమ్మకు ఫోన్ చేసి చెప్పాను, ఆ సంబరంలో పిల్ల సంగతి అడగనే లేదు. ఆ రోజు సుల్తాన్ బజారుకు పోయి నాకు నేనే ఒక చీర కొనుక్కున్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా సంతకం వల్ల ఒక చక్రం కదిలింది, మరి పండుగే కదా!

మార్చిలో టీచరమ్మ వచ్చింది. వందనాలు చెప్పింది. సంచిలోంచి జామకాయలు తీసి బల్ల మీద పెట్టింది. నేను ఆ కొత్త చీరే కట్టుకుని ఉన్నాను. పొగడ్త వినడానికి సిద్ధంగా ఉన్నాను కూడా.

"పిల్ల పరీక్షలు ఎట్లా రాస్తోంది?" అన్నాను.

"రాస్తలేదు మేడం. డిసెంబర్లనే మానేసింది. హాజరు సాలలే, హాల్ టికెట్ రాదన్నరు. వాళ్ల నాయిన సీడ్ కంపెనీల పెట్టిండు, విత్తనాల పాకెట్లు కడ్తది. కంపెనీ వ్యాను పొద్దుగాల ఆరు గంటలకు ఇంటి ముంగటికే వస్తది. ఒక్క దినం గూడ తప్పలేదు."

కంపెనీవాడు సర్వే చేయలేదు, పుస్తకం అచ్చు వేయలేదు, షెల్టరు కట్టలేదు. పిల్ల ఉందని వాడికి ఎలా తెలిసిందో తెలిసింది. మేం తీసుకున్న ఆరు నెలల్లో వాడు ఆ పిల్లను ఎక్కించుకుపోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని నేను చీర కొనుక్కున్నాను. చాలా సిగ్గేసింది.

"వచ్చే ఏడు మళ్ళీ చేరొచ్చు కదా," అన్నాను.

"అడిగిన మేడం. జీతం అలవాటైంది ఇంట్ల. ఆ పిల్ల రాదు," అంది టీచరమ్మ.

"మరి బస్సు? అందులో ఎవరెక్కుతున్నారు?"

"నేనెక్కుతున్న."

"మీకు రోజూ మండలంలో ఏం పని టీచరమ్మా?"

"పనేం లేదు. పోయి గాడ స్టాండుల జరసేపు కూసుంట, మళ్ల అదే బస్సుల వాపస్ వస్త. ఆడోళ్లకు టికెటే లేకపాయె. ఖాళీగ తిరిగితే మళ్ల బంద్ చేస్తరు గదా మేడం. ఈ ఏడు ఇంకిద్దరు పిల్లలు పది రాస్తున్నరు. జూన్ల కాలేజిల చేర్తరు. గప్పటిదాంక బస్సు ఉండాలె."

మూడు నెలలకొకసారి బస్సుల్లో జనం లెక్క మా సెక్షనుకే వస్తుంది. ఎంతమంది లేకపోతే సర్వీసు తీసేయాలో నాకు కంఠతా వచ్చు. ఆ సర్క్యులర్ తయారుచేసింది నేనే. టీచరమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుని, నా వైపు చూసింది.

"నేనొక్కదాన్నే సాల్తనా మేడం? లేకుంటే మా చెల్లెను గూడ ఎక్కియ్యాల్నా?"

సంచిలో ఇంకా రెండు జామకాయలు మిగిలి ఉంటే, వాటిని కూడా తీసి నా ముందు పెట్టింది.

"చెల్లెల్ని కూడా ఎక్కించండి," అన్నాను. "ఇంకెవరైనా ఉంటే వాళ్ళను కూడా."